పదకొండేళ్ల ఇన్‌ఛార్జి

నర్సీపట్నంలో నేను టైపిస్టుగా చేసిన ఆఫీసు పేరు రాయను. అక్కడి పెద్దమనుషుల్లో కొందరు ఇంకా నిక్షేపంగా పెన్షన్ తీసుకుంటున్నారు, వాళ్ల అరుగుదలకి నేనెందుకు అడ్డుపడాలి? మత్స్యలింగం పేరు మాత్రం రాస్తాను. ఆయన గురించి చెప్పడానికే కూర్చున్నాను.

మా ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ఒక ఎర్ర ఫైరింజను, దానికి నలుగురు మనుషులు ఉండేవారు. ఆ నలుగురికీ పెద్ద మత్స్యలింగం. ఏజెన్సీ నుంచి దిగివచ్చిన కుటుంబం, ఎనిమిదో తరగతి చదువు. 1968లో షెడ్డు ఆఫీసరు గారు కాలం చేస్తే, కొత్తాయన వచ్చేదాకా చూసుకోమని ఈయన చేతికి తాళాలూ రబ్బరు స్టాంపూ ఇచ్చారు. కొత్తాయన పదకొండేళ్లు రాలేదు. జీతం ఫైర్‌మన్‌ది, చాకిరీ ఆఫీసరుది. దీన్నే సర్కారు భాషలో ఇన్‌ఛార్జి అంటారు.

ఆదివారాలు ఆయన సైకిలెక్కి ఊళ్ల మీద పడేవాడు. ఇటు మాకవరపాలెం దాకా, అటు గొలుగొండ దాకా కనిపించిన ప్రతి నూతిలోనూ రాయి కట్టిన తాడు వదిలి నీళ్లెంత ఉన్నాయో చూసుకునేవాడు. ఎండాకాలంలో తాటాకు పాకలు అంటుకుంటే ఇంజనులో నీళ్లు ఎంతోసేపు రావు. ఆ తర్వాత ఏ నూతికి పరిగెత్తాలో తెలిసిన మనిషి ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే. దానికి మావాళ్లు నవ్వేవారు. "ఏరా లింగం, నూతుల్లో లంకెబిందెలు దొరికాయా?" అనేవారు హెడ్ క్లర్కు యాజులు గారు.

1979లో పైవాళ్లకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మా పరిధిలోని పోలీసులనీ ఫైరు షెడ్డునీ కలిపి ఒక్క సీనియర్ ఇన్‌స్పెక్టరు కింద పెట్టాలట. అలాంటి పోస్టు అంతకుముందు లేదు, రెండేళ్ల తర్వాత మళ్లీ కనిపించలేదు. పోలీసువాళ్లయినా ఫైరువాళ్లయినా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఫైరు పనిలో అనుభవం ఉందని షెడ్డు ఇన్‌ఛార్జి ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి, వయసు నలభై అయిదు దాటకూడదు. మత్స్యలింగానికి సరిగ్గా నలభై అయిదు నడుస్తోంది. ఇది తప్పితే ఆయన ఫైర్‌మన్‌గా చేరి ఫైర్‌మన్‌గానే దిగిపోవాలి.

దరఖాస్తు నా చేతే టైపు చేయించుకున్నాడు.

"అమ్మగోరూ, తప్పుల్నేకండా కొట్టండి. మా సోమలమ్మ అప్పుడే మొక్కీసుకున్నాది" అన్నాడు. సోమలమ్మ ఆయన భార్య. ఆ రోజు ఆయన మొహం చూసి నాకూ ముచ్చటేసింది.

యాజులు గారు దరఖాస్తు తిరగేసి, "ధ్రువపత్రం ఏదీ?" అన్నారు.

"ఇన్చార్జీని నానే కదండీ."

"నీకు నువ్వే ఇచ్చుకుంటే చెల్లదు."

"మరెవులివ్వాలండీ?"

"ఇన్‌ఛార్జి."

ఈ మాట అంటూ యాజులు గారు నవ్వను కూడా నవ్వలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు ఆయనలో నవ్వొచ్చే చోటుని ఎప్పుడో తినేసింది.

మత్స్యలింగం మా ఆఫీసు పెద్ద సూర్యనారాయణమూర్తి గారి గదిలోకి వెళ్లాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ధర్మపన్నాలు చెప్పారు. "చూడు లింగం, నేనొచ్చి ఏడాదే అయింది. నా కళ్లతో చూడనిదానికి నేను సంతకం పెట్టను. అది నా ప్రిన్సిపుల్." ఆయన కిటికీకీ షెడ్డుకీ మధ్య దూరం ఇరవై అడుగులు. ఆ ఏడాదిలో ఇంజను గంట కొట్టుకుంటూ ముప్ఫైసార్లు బయల్దేరింది. చెవులు హోరెత్తుతున్నాయని ఆయన కిటికీ మూయించారు, అంతే. మత్స్యలింగం "సిత్తమండీ" అని వచ్చేశాడు.

వారం తిరక్కుండా ఇంకో దరఖాస్తు వచ్చింది. సోమసుందరం అని, మూర్తి గారి వియ్యంకుడి తమ్ముడు. జిల్లా పోలీసు స్టోర్సులో బెల్టులూ టోపీలూ పంచే ఉద్యోగం. కాగితం మీద మాత్రం ఆరు నెలలు మా షెడ్డులో డెప్యుటేషన్ చేశాడు. అంటే ఇతనికి అనుభవ ధ్రువపత్రం ఇవ్వాల్సింది ఎవరు? మత్స్యలింగం! తనకి పనికిరాని సంతకం ఊరందరికీ పనికొస్తుంది.

'మంటలను ఆర్పుటలో అసమాన ధైర్యసాహసములు ప్రదర్శించెను' అని యాజులు గారు చెబుతుంటే నేను టైపు కొట్టాను. మత్స్యలింగాన్ని నా బల్ల దగ్గరికే పిలిపించారు.

"సంతకం పెట్టు, బేగి."

ఆయన నిదానంగా చదివాడు. "ఇది నాను సూడనేదండీ."

"చూడ్డం ఎందుకయ్యా, స్టాంపు నీ దగ్గరుంది కదా!"

"అయ్యగోరు సూడకండా ఎట్టనన్నారు కదండీ. నానూ అంతే. నాను సూసింది నానే రాత్తాను."

యాజులు గారికి ఒళ్లు మండింది. కానీ ఆ రోజే ఆఖరి తేదీ. "ఏదో ఒకటి రాసి స్టాంపు వేసి తగలెయ్" అని టిఫినుకి వెళ్లిపోయారు.

మత్స్యలింగం నా కలం అడిగి, గుండ్రటి అక్షరాలతో అరగంట రాశాడు. రాసింది ఇది: 'శ్రీ సోమసుందరం గారు ఆరు నెలల్లో మా షెడ్డుకు రెండుసార్లు వచ్చినారు. ఒకసారి టీ తాగినారు. ఒకసారి గొలుగొండ బెల్లం తెచ్చుకోడానికి బండి అడిగినారు. నిప్పు ఆర్పడం నేను చూడలేదు. మనిషి మర్యాదస్తులు.' కింద సంతకం, స్టాంపు.

మూర్తి గారినీ యాజులు గారినీ ఇంతసేపు తిట్టాను కదా, ఇక నా వంతు. ఆ కాగితం నేను రెండుసార్లు చదివాను. తర్వాత ఎంపిక కమిటీకి పంపే దరఖాస్తుల జాబితాలో సోమసుందరం పేరుకెదురుగా 'ధ్రువపత్రం జతపరచబడినది' అనీ, మత్స్యలింగం పేరుకెదురుగా 'జతపరచలేదు' అనీ టైపు చేశాను. కమిటీవాళ్లు ఎలాగూ చదువుతారు కదా అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాది టెంపరరీ ఉద్యోగం, భయపడ్డాను. పిరికిదాన్ని.

కమిటీలో ముగ్గురు కూర్చున్నారు. స్టాంపు నల్లగా, గుండ్రంగా, స్పష్టంగా పడిందో లేదో చూశారు. పడింది. సోమసుందరం సెలెక్టయ్యాడు.

వచ్చి చేరినరోజు దండలు వేశారు. మనిషి దుర్మార్గుడేం కాదు, పైగా కుర్చీ దొరికాక అతనికి దయ కూడా పుట్టింది. నెలరోజులకి మత్స్యలింగాన్ని పిలిపించి ఒక కాగితం చేతిలో పెట్టాడు. పదకొండేళ్ల అనుభవానికి ధ్రువపత్రం! 'నా కళ్లెదుట అనేక పర్యాయములు ప్రాణములకు తెగించి' అని అందులో ఉంది. టైపు చేసిందాన్ని నేనే కాబట్టి తెలుసు.

"ఇంక ఇచ్చేవాడు లేడన్న బెంగ అక్కర్లేదు. మళ్లీ పోస్టు పడితే పనికొస్తుంది, ఉంచుకో" అన్నాడు సోమసుందరం.

ఆ ముందు వారమే మత్స్యలింగానికి నలభై ఆరో ఏడు వచ్చింది.

ఆయన కాగితమంతా చదివాడు. "తవరొచ్చి నెల్లాళ్లే కదండీ. ఈ నెల్లాళ్లూ ఎక్కడా అంటుకోనేదు. సూడకండా ఎలగ ఎట్టినారండీ సంతకం?"

"ఇచ్చింది పుచ్చుకోవడం కూడా రాదేమయ్యా నీకు!" అని సోమసుందరం నవ్వేశాడు.

మత్స్యలింగం కాగితాన్ని బల్లమీదే పెట్టి, దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు. వరండాలో నా మిషను దగ్గర ఆగాడు.

"అమ్మగోరూ, ఒక్క మాట. అప్పుడు నాను రాసిన కాయితం మీరేనా సదివినారా?"

"లేదు" అన్నాను.

ఆయన మొహం తేటపడింది.

"అదీ సంగతి. సదివుంటే మీరు ఊరుకుందురేటి!" అని షెడ్డు వైపు వెళ్లిపోయాడు.