తొమ్మిది గీతలు, ఒక సంతకం

నా చిన్నప్పుడు అని నేను ఏ మాట మొదలుపెట్టినా మా ఆయన నవ్వుతాడు. ముప్ఫై కూడా నిండలేదు, అప్పుడే ముసలమ్మ ముచ్చట్లా అంటాడు. నిండకపోతే ఏం, మా సండే స్కూల్ పిల్లలకు నేను పెద్దదాన్నే. మొన్న ఆదివారం వాళ్ళలో ఒక పాప నా దగ్గరికి వచ్చింది. రోజూ బైబిల్ చదవాలని మొదలుపెడుతుందట, నాలుగు రోజులకే ఆగిపోతుందట, మళ్ళీ తెరవాలంటే దేవుడి ముందు సిగ్గేస్తుందట. ఆ పాపకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది పదో తరగతి దాకానే, రాత అటూ ఇటూగా ఉంటే మన్నించండి.

అప్పుడు మేము నాచారంలో ఉండేవాళ్ళం. ఒకే కాంపౌండ్‌లో నాలుగు పోర్షన్లు, నాలుగింటికీ ఒకటే నల్లా. మా నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ నడిపేవాడు. మాది జనగామ వైపు నుంచి పని కోసం వచ్చిన కుటుంబం. నేను పుట్టాక మా అమ్మ ప్రభువును నమ్ముకుంది. నాన్న వద్దనలేదు, కానీ తనెప్పుడూ చర్చికి రాలేదు. ఆదివారం మమ్మల్ని బండి మీద చర్చి గేటు దాకా దింపేవాడు. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతూ, పేపర్ తిరగేస్తూ, ఆరాధన అయ్యేదాకా కూర్చునేవాడు. ఆ హోటలుకూ మా గేటుకూ మధ్య ఉన్నది ఒక రోడ్డే. మా నాన్న ఒక్కసారి ఆ రోడ్డు దాటితే చాలని నాకు ఉండేది. కొత్త గౌను మీద కూడా నాకు అంత ఆశ ఉండేది కాదు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, సెప్టెంబరు చివర్లో పాస్టరమ్మగారు పిల్లలందరికీ ఒక్కో చార్టు ఇచ్చారు. నాలుగు సువార్తలూ కలిపితే ఎనభై తొమ్మిది అధ్యాయాలు. క్రిస్మస్ దాకా సరిగ్గా ఎనభై తొమ్మిది రోజులు. రోజుకో గడి, గడిలో తేదీ. ఏ రోజు అధ్యాయం ఆ రోజు చదివి ప్రార్థన చేసుకుని టిక్కు పెట్టాలి. ఒక్క గడి కూడా వదలకుండా నింపినవాళ్ళు క్రిస్మస్ పొద్దున మైకులో వాక్యం చదువుతారు అన్నారు.

ఇంటికి వచ్చి ఆ సంగతి ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. నాన్న చేతులకు అంటిన గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు.

"అయితే నువ్వు మైకుల సదువుతవా? గట్లయితే నేనొస్త పో," అన్నాడు.

నాన్న నవ్వులాటకే అన్నాడేమో. నేను మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. చార్టును తలుపు వెనకాల అతికించాను. పొద్దున ఆరున్నరకు ఇండస్ట్రియల్ ఏరియా నుంచి ఒక సైరన్ మోగేది. అది వినగానే గోడకు ఆనుకుని కూర్చుని చదివేదాన్ని. మత్తయి సువార్త మొదట్లోనే పేర్లు పేర్లు పేర్లు. వాటిని బడిలో హాజరు పిలిచినట్టు చదువుతుంటే అమ్మ పొయ్యి దగ్గర నవ్వాపుకునేది. చదవడం అయ్యాక ఒకటే ప్రార్థన, మా నాన్న రోడ్డు దాటాలి అని.

నాలుగు రోజులు అలా బాగానే గడిచాయి. ఐదో రోజు బతుకమ్మకని నాయనమ్మ ఊరికి వెళ్ళాం. హడావుడిలో బైబిల్ నాచారంలోనే ఉండిపోయింది. ఊళ్ళో మా వాళ్ళెవరి ఇంట్లోనూ బైబిల్ లేదు. నిజం చెప్పాలంటే రెండో రోజు నుంచి నాకు గుర్తు కూడా రాలేదు. గునుగు పూలు తెంపడానికి వెళ్ళడం, పొద్దుగూకేదాకా ఆటలు, నాయనమ్మ చేతి సత్తుపిండి. తొమ్మిది రోజుల తర్వాత ఇంటికొచ్చి తలుపు వేసేసరికి వెనకాల చార్టు కనబడింది. తొమ్మిది గడులు ఖాళీ.

ఆ సాయంత్రమే తొమ్మిది అధ్యాయాలూ చదివేద్దామని కూర్చున్నాను. రెండోది సగంలో ఉండగానే కళ్ళు మూతలు పడ్డాయి. చదివినా లాభం లేదు, ఏ రోజుది ఆ రోజే చదవాలి కదా. అప్పుడు నా బుద్ధికి ఒకటే దారి తోచింది. అమ్మ నల్లా దగ్గరికి వెళ్ళగానే పెన్ను తీసి తొమ్మిది టిక్కులూ కొట్టేశాను. ఒక నిమిషం కూడా పట్టలేదు.

మర్నాడు సైరన్ మోగింది. చదివాను. ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే ఆ తొమ్మిది టిక్కులు వరసగా కనబడ్డాయి. నాన్న కోసం అడుగుదామంటే మాట రాలేదు. ఆమెన్ మాత్రం అనేసి లేచాను. తర్వాతి రోజులూ అంతే. చదవడానికి చదువుతున్నాను, దేవుడితో మాట్లాడటం మాత్రం ఆగిపోయింది.

మా పక్క పోర్షన్‌లో ఒక అక్క ఉండేది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. వాళ్ళింట్లో గోడ నిండా దేవుళ్ళ పటాలు, శుక్రవారం తలస్నానం, గడపకు పసుపు. మా చర్చి సంగతులు ఆమెకు ఏమీ తెలియవు. ఒక ఆదివారం సాయంత్రం పెరుగు తోడు కోసం మా ఇంటికి వచ్చింది. అమ్మ లోపల గిన్నె వెతుకుతుంటే అక్క తలుపు పక్కన నిలబడి చార్టును చూసింది. చూసి ఊరుకోలేదు, ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్ళి చూసింది.

"ఏం పిల్లా, ఈ తొమ్మిది ఎప్పుడు కొట్టినవ్?"

"రోజుకొకటి కొట్టిన అక్కా."

"రోజుకొకటా? జర ముందటియి సూడు. ఒకటి వంకర, ఒకటి పొట్టి, ఒకటి పెన్సిల్‌తోని. ఈ తొమ్మిది మాత్రం బడి ప్రార్థనల నిలబడ్డ పిల్లల లెక్క సక్కగ ఉన్నయ్. ఒక్క కూసునుట్ల కొట్టినవ్."

నేను ఏడుపు మొహం పెట్టాను. అక్క లోపలికి ఒకసారి చూసి, నా చెయ్యి పట్టుకుని బయట మెట్ల మీదికి తీసుకెళ్ళింది. తిట్టలేదు. తన ముచ్చట చెప్పింది.

వాళ్ళ కంపెనీలో గంటకోసారి మందు గోళీల షీట్లు సరిగ్గా అతుక్కున్నాయో లేదో చూసి, ఆ గంటదే ఆ గంటకు రికార్డులో రాయాలట. కొత్తలో చేరినప్పుడు అక్క ఒక పూట మాటల్లో పడి నాలుగు గంటలు చూడటమే మర్చిపోయింది. చివర్లో గబగబా నాలుగూ నింపేసింది. చూడనిదాన్ని చూసినట్టు రాసింది. సూపర్‌వైజర్ మేడం కాగితం చేతిలోకి తీసుకుని, నాలుగు గంటల రాత ఒకటే తీరుగా ఎట్లా ఉందని అడిగింది. ఆ పూట తయారైన మందంతా పక్కన పెట్టేశారు. అక్క బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చింది. పని పోయిందనే అనుకుంది.

"గప్పుడు మేడమే నేర్పింది చెల్లె. మరిచిపోయింది మరిచిపోయినట్టే ఉండాలె. వైట్‌నర్ పెట్టొద్దు, దిద్దొద్దు, కాగితం చింపి కొత్తది రాయొద్దు. ఒక్కటే గీత కొట్టాలె, కింద ఏం రాసినవో కనవడాలె. పక్కన సంతకం, తారీఖు. గంతే. తర్వాతి గంటది మాత్రం తప్పొద్దు."

"గీత కొడితే నాకు మైకు ఇయ్యరు అక్కా. మైకు ఇయ్యకపోతే మా నాయిన రాడు."

అక్క ఏదో ఒకటి చెప్పి నన్ను ఊరడిస్తుందని ఎదురుచూశాను.

"ఇయ్యరు. గది నిజమే," అంది. "నాకు మీ బైబిల్ తెల్వది. రికార్డు తెలుసు. ఒక్క గడి అబద్ధమైతే నిజంగ నింపిన గడులను గూడ ఎవ్వరు నమ్మరు."

పోతూ పోతూ తన నైటీ జేబులో ఉన్న నీలం పెన్ను నా చేతిలో పెట్టింది. పెరుగు తోడు మర్చిపోయింది, అమ్మ గిన్నె పట్టుకుని వెనకాలే వెళ్ళింది.

రెండు రోజులు ఆ పెన్నును కంపాస్ బాక్సులో దాచాను. అక్క మీద కోపం వచ్చింది. పెద్దమనిషివి, చూసీ చూడనట్టు పోవచ్చు కదా అనుకున్నాను. మూడో రోజు సైరన్ మోగింది, కళ్ళు మూసుకున్నాను, మళ్ళీ అవే టిక్కులు. లేచి చార్టు దగ్గరికి వెళ్ళాను. ఒక్కో టిక్కు మీద ఒక్కో గీత కొట్టాను. సంతకం దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే నాకు సంతకం లేదు. ఆరో తరగతి పిల్లకు సంతకం ఎందుకుంటుంది. నాన్న తెచ్చిన పాత పేపర్ అంచు మీద నాలుగైదు రకాలుగా రాసి చూసుకున్నాను. పేరులో చివరి అక్షరానికి పొడుగ్గా తోక లాగింది బాగుందనిపించింది. అదే తొమ్మిది గడుల్లో తొమ్మిదిసార్లు పెట్టాను. నా జీవితంలో మొట్టమొదటి సంతకం నా అబద్ధం పక్కనే పెట్టాను.

ఆ పొద్దున ప్రార్థనలో నాన్న గురించి అడగలేదు. చదవలేదు, చదివానని రాశాను, అని మాత్రం చెప్పాను. చెప్పాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అన్నం చల్లారుతోందని అమ్మ పిలిచేదాకా లేవలేదు.

ఆ తర్వాత క్రిస్మస్ దాకా ఒక్క రోజు తప్పలేదు. దగ్గు వచ్చినప్పుడు కూడా చదివాను. పరీక్ష ఉన్న రోజు ఒంటికాలి మీద నిలబడి జడ వేయించుకుంటూ చదివాను. క్రిస్మస్ ముందు ఆదివారం పాస్టరమ్మగారు చార్టులు చూశారు. నా గీతల దగ్గర ఆవిడ వేలు ఆగింది. ఏంటని అడిగారు, ఉన్నది చెప్పాను. నా తల మీద చెయ్యి పెట్టారు, కానీ మైకు మాత్రం మల్లాపూర్ నుంచి వచ్చే ఇంకో అమ్మాయికి ఇచ్చారు. నియమం నియమమే కదా. ఆవిడ ఆ రోజు జాలిపడి నాకే ఇచ్చి ఉంటే నేను ఇప్పటిదాకా గుర్తుపెట్టుకునేదాన్ని కాదేమో.

నాన్నకు చెప్పడమే కష్టమైంది. క్రిస్మస్ ముందురోజు తనే అడిగాడు.

"రేపు మైకుల సదువుతున్నవా బిడ్డా?"

"లేదు నాయినా."

ఎందుకని అడిగితే చార్టు చూపించాను. నాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు, వర్క్‌షాపులో చేసిన పీసును కొలిచి చూసినట్టు. గీతలు నువ్వే కొట్టినవా అని అడిగాడు. అవునన్నాను. చార్టు నా చేతికి ఇచ్చేశాడు. మర్నాడు ఎప్పటిలాగే గేటు దగ్గర దింపి హోటల్ వైపు వెళ్ళాడు. లోపల ఆ అమ్మాయి మైకులో చదువుతుంటే నేను కిటికీలోంచి రోడ్డు వైపే చూశాను. నాన్న పేపర్ చదువుకుంటున్నాడు.

ఆ తర్వాతి పొద్దున సైరన్ మోగింది. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. చార్టు అయిపోయింది, క్రిస్మస్ అయిపోయింది, నాన్న రాలేదు. ఇంకెందుకు చదవాలి.

నల్లా దగ్గర గడ్డం గీసుకుంటున్న నాన్న గొంతు వినబడింది.

"సైరన్ కొట్టిన్రు గదా. సదువవా?"

"చార్టు అయిపోయింది నాయినా."

నాన్న సగం గడ్డం నురగతోనే లోపలికి వచ్చాడు. గోడకున్న క్యాలెండర్‌లోంచి అయిపోయిన నెల ఒకటి చింపాడు. వర్క్‌షాపు సంచిలోంచి స్టీలు స్కేలు తీశాడు. నేల మీద కాగితం వెనక్కి తిప్పి పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని గడులు గీయడం మొదలుపెట్టాడు. ఒక్క గడి కూడా వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎన్ని గీయాలె?" అని అడిగాడు.

బైబిల్ మొత్తంలో ఎన్ని అధ్యాయాలో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

"అయితే కాగితం పట్టినన్ని గీస్త. జర గట్టిగ సదువు, చాయ్ తాక్కుంట వింట."

ఆ రోజు నుంచి నాన్న పనికి పోయేదాకా వినేవాడు. నేను తడబడితే మళ్ళీ చదవమనేవాడు. నిన్నటి కథ ఎక్కడ ఆగిందో నాకంటే తనకే బాగా గుర్తుండేది. చర్చికి వచ్చాడా అంటే వచ్చాడు, చాలా ఏళ్ళ తర్వాత, పండుగా పబ్బమూ కాని ఒక ఆదివారం. హోటల్ మూసి ఉందని వచ్చానన్నాడు. వెళ్ళేటప్పుడు చూస్తే తెరిచే ఉంది.

ఇప్పుడు నేను ఉప్పల్‌లో ఉంటున్నాను. ఇక్కడ సైరన్ వినబడదు. మా ఇంటి వెనకాల మొదటి మెట్రో రైలు పోతుంది, అదే నాకు సైరన్. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది, స్కేలుతో గీసిన గడులు, ప్రతి గడిలో తేదీ, చదవని రోజు గడిలో ఒక గీత. పెళ్ళైన కొత్తలో వరసగా పదహారు గీతలు ఉన్నాయి. మా పాప పుట్టిన నెలలో గీతలే ఎక్కువ. పోయిన నెల పాపకు జ్వరమొచ్చి దవాఖానాలో ఉన్నప్పుడు నాలుగు. ప్రతి గీత పక్కనా అదే పొడుగు తోక సంతకం. బ్యాంకులోనైనా, పాప స్కూల్ ఫారం మీదైనా నేను పెట్టేది ఆ సంతకమే. ఒక్క గడిలోనూ వైట్‌నర్ లేదు. ఒక్కసారి కూడా మొదటి గడి నుంచి మళ్ళీ మొదలుపెట్టలేదు.

నిన్నటి గడిలో గీత ఉంది, లేవలేకపోయాను. ఇవాళ్టి గడి ఇంకా ఖాళీగానే ఉంది. రైలు చప్పుడు వినబడుతోంది, ఇక వెళ్ళి కూర్చుంటాను.