మరమ్మతుల రాజ్యం చూసొచ్చిన బాబాయి

మా బాబాయి చూసొచ్చినన్ని దేశాలు భూగోళం మీద లేవు. అదే ఆయన జబ్బు. మీరు ఏ సంగతైనా ఎత్తండి, కుళాయిలో నీళ్ళు రావడం లేదనండి, ఈసారి ఎవరు గెలుస్తారో అనండి, చివరికి చెవి దురదగా ఉందనండి, ఆయన గొంతు సవరించుకుని "నేను చూసొచ్చిన ఒక దేశంలో..." అని మొదలుపెడతాడు. ఇక మీరు కుర్చీ వెతుక్కోవలసిందే.

ఈ మహాయాత్రికుడి ఉద్యోగం బస్టాండులో, విచారణ కిటికీ వెనక. ఏ బస్సు ఎక్కడికి, ఎన్ని గంటలకి, ఏ ప్లాట్‌ఫారం మీద నుంచి వెళ్తుందో ముప్పై ఏళ్ళుగా లోకానికంతటికీ చెప్తున్నాడు. తను మాత్రం బస్సెక్కడు. ఎక్కలేడు. మూడో స్టాపు రాకముందే కడుపులో తిప్పుతుంది, తల కిటికీ బయటికి వెళ్ళిపోతుంది. ఒకసారి ఆగి ఉన్న బస్సులోకి డ్రైవరుతో మాట్లాడటానికని ఎక్కి, ఇంజను చప్పుడుకే వాంతి చేసుకున్నాడు. "మా ఇల్లు మూడు వీధుల అవతలే ఉండబట్టి ఈయనకి పెళ్ళయింది" అంటుంది పిన్ని.

ఆవిడ దగ్గర కూడా బాబాయి తగ్గడు.

"నేను చూసొచ్చిన ఒక దేశంలో..."

"ఎప్పుడు చూసొచ్చారు? నిన్న సబ్బు కొనడానికి వెళ్ళినప్పుడా?"

"అప్పుడేనే. సబ్బు కొట్టు దాటాక ఎడమ పక్క."

ఆ దేశాలన్నీ మా ఊరి వారపత్రికలో మూడో పేజీకి ఎక్కేవి. నేను ఆ పత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అంటే బాబాయి దేశాలన్నిటిలోనూ కామాలు, ఫుల్‌స్టాపులు నా చేతి మీదుగా పడినవే. ఒక దేశంలో రోడ్డు గుంటలకి చచ్చిపోయిన నాయకుల పేర్లు పెడతారు. పూడిస్తే వాళ్ళకి అవమానం కాబట్టి ఎవరూ పూడ్చరు. ఇంకో దేశంలో ఓటు వేశాక సిరా చుక్క వేలికి పెట్టరు, నాలుక మీద పెడతారు. అయిదేళ్ళదాకా అది చెరగదు, అందాకా ఎవడూ మాట్లాడడు. జనం పడి పడి నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

చేతికి దొరికిన పుస్తకమల్లా చదివి, లోకాన్ని ఎలా కడిగెయ్యాలో నాకొక్కడికే తెలుసనుకుంటున్న రోజులవి.

"ధైర్యముంటే పేరు పెట్టి రాయి బాబాయ్! లేని దేశం మీద రాయి వేస్తే తిరిగి నీ నెత్తి మీద పడదనేగా?"

"ఒరేయ్, నేను చూసొచ్చిన ఒక దేశంలో పేర్లు పెట్టి రాసేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళురా."

"వాళ్ళనేం చేశారు?"

"వాళ్ళనేం చెయ్యలేదు. వాళ్ళకి సంగతులు చెప్పినవాళ్ళని చేశారు."

పిరికిమాట అనుకున్నాను. నెల తిరక్కుండా ఆ దేశ పౌరసత్వం నాకు దొరికింది.

ఊరి చివర పెద్దాస్పత్రిలో లిఫ్టు పదకొండు నెలలుగా పనిచేయడం లేదు. దాని మీద "మరమ్మతులో ఉన్నది" అని ఒక బోర్డు. రోగుల్ని మూడో అంతస్తుకి స్ట్రెచర్ మీద మెట్లెక్కించి మోసేది ఆయాలూ, వాచ్‌మనూ. వాళ్ళలో ఒక పెద్దావిడ, ఇంకో రెండేళ్ళలో ఉద్యోగంలోంచి దిగిపోవలసిన మనిషి, నాతో ఈ సంగతంతా చెప్పింది. బాబాయికి బుద్ధి చెప్పినట్టూ ఉంటుందని, మొదటి పేజీలో రాశాను. సాక్ష్యం గట్టిగా ఉండాలని ఆయా పేరు లావు అక్షరాల్లో వేయించాను.

లిఫ్టు కదల్లేదు. ఆయా కదిలింది. ఆస్పత్రి పరువు తీసిందని సూపరింటెండెంటు ఆమెని పనిలోంచి తీసేశాడు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి, ఆయన కారు లోపలికి వెళ్ళేటప్పుడు ఒక దణ్ణం, బయటికి వచ్చేటప్పుడు ఒక దణ్ణం పెడుతూ గేటు దగ్గర కూర్చునేది. నేను ఆ వీధిలోకి వెళ్ళడం మానేశాను. లోకాన్ని కడిగే పని కూడా కొన్నాళ్ళు వాయిదా వేశాను.

బాబాయితో చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అంతకంటే ఘోరం, ఆయనకి ఏ దేశమూ గుర్తు రాలేదు.

మర్నాడు ఆదివారం, ఆయనకి సెలవు. సంచీ పట్టుకుని కూరగాయలకని వెళ్ళినవాడు పొద్దువాలాక వచ్చాడు. మొహం పాలిపోయింది. తెగిన చెప్పు ఒకటి చేతిలో ఉంది. సంచీ ఖాళీ.

"ఎక్కడికెళ్ళారండీ?" అంది పిన్ని.

"ఒక దేశం చూసొచ్చానే."

"కూరగాయలేవి?"

"ఆ దేశంలో దొరకవు" అని, మంచం మీద వాలిపోయాడు.

ఊళ్ళో ఒకావిడ రోడ్డున పడితే ఈయనకింకా వేళాకోళమేనా అని పళ్ళు నూరుకున్నాను.

ఆ వారం మూడో పేజీలో "మరమ్మతుల రాజ్యం" వచ్చింది. ఆ రాజ్యంలో పాడైన ప్రతి వస్తువుకీ ఒక మంత్రి ఉంటాడు. వస్తువు బాగుపడితే మంత్రి పదవి పోతుంది. అందుకని పాడైన లిఫ్టుని ప్రాణంలా చూసుకుంటారు, ప్రతి ఉదయం ఒక భటుడు తలుపు కొంచెం తీసి "ఇంకా పాడయ్యే ఉన్నావా తల్లీ?" అని క్షేమం అడుగుతాడు. అక్కడ మెట్లు డెబ్బై రెండు. వాటిని లెక్కపెట్టిందని ఒక ముసలి దాసిని కొలువులోంచి తీసేశారు. ఇక ఆ రాజుగారు కిరీటం నెత్తి మీదే పెట్టుకుని, "నా కిరీటం ఏదిరా?" అని కోటంతా వెతుకుతుంటాడు. మంత్రులు కూడా వంగి మంచాల కింద వెతుకుతుంటారు.

మా సూపరింటెండెంటుకి కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుని "నా జోడేదయ్యా?" అని కేకలేసే అలవాటుందని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

శనివారం ఆయన స్వయంగా బస్టాండుకి వచ్చాడు. అచ్చులో మళ్ళీ ఏ పేరు లావుగా పడుతుందోనని భయపడి, నేనప్పుడు వచ్చేవారం ప్రూఫులు బాబాయికి చూపించడానికి కిటికీ పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన వెనక ఇరవైమంది లైను.

"ఏమయ్యా, ఇది నా గురించే కదూ?" అని పత్రిక కిటికీలోంచి లోపలికి తోశాడు.

బాబాయి లేచి నిలబడ్డాడు. "అయ్యో, ఎంత మాట సార్! ఆ రాజుకీ తమకీ పోలికేమిటి? అక్కడ లిఫ్టు పనిచెయ్యదు. తమ దగ్గర చేస్తుందిగా?"

లైను మొత్తం చెవులు రిక్కించింది.

"చేస్తుంది... అంటే, చేస్తుంది. మెకానిక్కు సోమవారం వస్తున్నాడు."

"చూశారా! ఆ రాజు ముసలమ్మని తీసేశాడు. తమరు తీసేసే మనిషా?"

"తీసెయ్యడమేమిటయ్యా? ఆవిడ సెలవులో ఉంది."

"ఎప్పుడొస్తుంది సార్?"

ఆయన వెనక్కి తిరిగి లైను చూశాడు. ఇరవై జతల కళ్ళు. "అదీ సోమవారమే" అన్నాడు.

"సంతోషం సార్. అయితే అది వేరే దేశం" అని బాబాయి కూర్చుని, "తర్వాత ఎవరమ్మా? నాలుగో ప్లాట్‌ఫారం, పదీ ఇరవై" అన్నాడు.

సోమవారం నేను ఆస్పత్రికి వెళ్ళాను. లిఫ్టు తలుపు లోపల మెకానిక్కు కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆయా నీలం చీరలో, చేతిలో బేసినుతో వరండాలో ఎదురైంది. తల దించుకున్నాను.

"నా పేరు అచ్చుతప్పట కదా బాబూ? మీ బాబాయిగారు చెప్పారు."

"బాబాయా? ఎప్పుడు?"

"నిన్న కాదు, అంతకు ముందు ఆదివారం. తొమ్మిది స్టాపులు బస్సులో వచ్చారు. దిగీ దిగగానే గేటు దగ్గర నా ముందే పడిపోయారు. డాక్టర్లు మూడో అంతస్తులో. ఇంకేం చేస్తాం? నేనూ వాచ్‌మనూ స్ట్రెచర్ మీద మోసుకెళ్ళాం."

"నిన్ను తీసేశారుగా అమ్మా?"

"ఉద్యోగం లోంచి తీసేశారు గానీ చేతుల్లోంచి బలం తీసేశారా? దారి పొడవునా ఆయన పడుకునే మెట్లు లెక్కపెట్టారు. మధ్యలో నేను ఆయాసానికి ఆగితే, 'నలభై ఒకటి, మర్చిపోకమ్మా' అన్నారు. పైకెళ్ళాక, నీ పేరు మావాడు వెయ్యలేదు, అచ్చుతప్పు అని రెండుసార్లు చెప్పారు. తిరిగి బస్సెక్కమంటే దణ్ణం పెట్టి నడిచే పోయారు."

తెగిన చెప్పు గుర్తొచ్చింది. "అచ్చుతప్పు కాదమ్మా. నేనే వేయించాను."

"తెలుసులే బాబూ" అని నవ్వింది. "దేశాల గురించి తప్ప ఆయనకి అబద్ధం చెప్పడం రాదు."

రెండు వారాలకి లిఫ్టు బాగయింది. సూపరింటెండెంటు తన రాజ్యం వేరని ఊరందరికీ చాటాలని బాబాయిని పిలిపించి, మొదటి ప్రయాణం ఆయన చేతే చేయించాడు. తలుపు మూసుకుంది. మొదటి అంతస్తు దాటేసరికి బాబాయి నా భుజం పట్టుకున్నాడు. రెండో అంతస్తుకి రంగు మారాడు. మూడో అంతస్తులో తలుపు తెరుచుకునే సరికి, ఎదురుగా ఆయా బేసిను పట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఎలా ఉంది సార్ ఈ దేశం?"

బాబాయి బేసిను మీద నుంచి తలెత్తి, మూతి తుడుచుకున్నాడు.

"చూసొచ్చానమ్మా" అని, మెట్ల వైపు నడిచాడు.