ఆయనకు గుర్తులేని మాట

సింగపూర్ ఉత్తరాన ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో నేను డాక్టర్‌ని. ఆ ఉద్యోగంలోకి నన్ను తెచ్చింది ఒక సీనియర్ డాక్టర్. ఆయనది గుంటూరు, మాది అనంతపురం. నేను వచ్చిన కొత్తలో యూ టీ అనే పేటలోని తన ఫ్లాట్‌లో నెల రోజులు ఉంచుకుని, ఇక్కడి పద్ధతులన్నీ ఓపిగ్గా నేర్పారు. నాకు సొంత అన్నలు లేరు. ఆయన్ని అన్నా అని పిలవడం ఎప్పుడు మొదలైందో కూడా నాకు తెలియదు.

ఛాతీ ఎక్స్‌రేలు చదివే ఏఐ మా విభాగానికి వచ్చినప్పుడు దాని బాధ్యత ఆయనకే అప్పగించారు. ఫిల్మ్ తీసిన నిమిషంలో అది తన అభిప్రాయం చెప్పేది. అనుమానం ఉన్నచోట ఎర్ర గడి, ఏమీ లేదనుకుంటే పైన ఆకుపచ్చ పట్టీ. రేడియాలజిస్టు రిపోర్టు రావడానికి ఒక్కోసారి మర్నాడవుతుంది. ఆలోగా రోగిని ఉంచాలా, పంపాలా తేల్చాల్సింది మేమే. అలసిన కళ్ళు వదిలేసేది ఇది వదలదని అన్న మాకు క్లాసులు చెప్పారు. ఒకసారి నేను గమనించని నిమోనియాను అది పట్టుకుంది కూడా. అప్పటినుంచి దాన్ని నమ్మడం నాకు కష్టం కాలేదు.

ఆ రోజు ఉదయం పదిగంటలకే కుర్చీలన్నీ నిండిపోయాయి. వుడ్‌ల్యాండ్స్‌లో కూతురి దగ్గర ఉండే ఒక పెద్దాయన ఛాతీలో కుడివైపు నొప్పితో వచ్చారు. హైదరాబాద్ వాళ్ళు. ఇంట్లో ఉర్దూ అయినా తెలుగు ధారాళంగా మాట్లాడతారు. సన్నటి మనిషి, చాలా ఏళ్ళు సిగరెట్లు తాగి మానేశారు. నాకు తెలుగు వచ్చని తెలియగానే ఆయన ముఖం తేటపడింది. కూతురు ఇంగ్లీషులో ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే, డాక్టరమ్మ మనామె, ఊకోమని ఆపారు.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన, వెంట్రుకంత సన్నగా ఒక గీత కనిపించింది. చర్మం మడత పడినా అలాంటి గీతే వస్తుంది. ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి బయటికి చేరుతున్నా అలాగే మొదలవుతుంది. పైన మాత్రం ఆకుపచ్చ పట్టీ ఉంది. అటుగా వెళ్తున్న అన్నను పిలిచి చూపించాను.

ఆయన వంగి కొద్ది క్షణాలు చూశారు. “స్కిన్ ఫోల్డ్ అమ్మా ఇది. ఇట్టాంటియి మనకన్నా దానికే బాగా తెలుసు. గ్రీన్ ఇచ్చింది కదా, పంపించెయ్.”

నాకు అనుమానంగానే ఉందని, ఇంకో ఫిల్మ్ తీయిస్తానని అన్నాను.

“ప్రతి గ్రీన్‌కీ మళ్ళీ ఫిల్మ్ తీస్తా కూర్చుంటే ఇంక ఇది ఎందుకు పెట్టుకున్నట్టు?” అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

మేమిద్దరం మాట్లాడుకున్నది తెలుగులో. పక్కనే ఉన్న ఫిలిపినో నర్సుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఎక్స్‌రే మామూలుగా ఉందని కేసు నోట్సులో రాశాను. అన్నను అడిగానని రాయలేదు, అలా రాయాలని తోచలేదు. నొప్పి తగ్గే మాత్రలిచ్చి పెద్దాయనను ఇంటికి పంపించాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని అంబులెన్సులో తెచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి, మాట రావడం లేదు. కుడి ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోయింది. పక్కటెముకల మధ్య గొట్టం వేసి గాలి తీశాం. బతికారు.

వారం తర్వాత విచారణ పెట్టారు. ముందురోజు అన్న క్యాంటీన్‌లో నాకు టీ ఇప్పించి, కంగారు పడొద్దని, తను చూసుకుంటానని చెప్పారు. ఆ మాటతో వారం తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.

విచారణలో ఆ ఫిల్మ్‌ను పెద్ద తెర మీద చూపించింది ఆయనే. గీత ఎక్కడుందో కూడా చూపించారు. ఏఐ సాయం మాత్రమే చేస్తుందని, తుది నిర్ణయం చికిత్స చేసే డాక్టర్‌దేనని, జాగ్రత్త గల డాక్టరైతే ఇంకో ఫిల్మ్ తీయించేవారని అన్నారు. తర్వాత మా సంభాషణ సంగతి చెబుతారని ఎదురుచూశాను. ఆయన కూర్చున్నారు. నేనే లేచి, గీత చూశానని, ఆయనకు చూపించానని, పంపించెయ్యమన్నది ఆయనేనని చెప్పాను.

“రోజూ ఎంతోమంది ఏదో ఒకటి అడుగుతారు. ఇది నాకు గుర్తులేదు,” అన్నారు ఆయన మెత్తగా, ఇంగ్లీషులో. నా వైపు చూడలేదు. నర్సును అడిగితే, ఇద్దరూ మాట్లాడుకున్నారు కానీ ఏమనుకున్నారో తెలియదంది.

బయటికి వచ్చాను. ఆయన భయపడి ఉంటారని, మరుక్షణమే ఫోన్ చేస్తారని గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్ రాలేదు. లేచి పెద్దాయన ఉన్న వార్డుకు వెళ్ళాను. జరిగింది చెప్పి క్షమాపణ అడగబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

“నాకు ఎరికే బేటీ. పర్దా ఎన్కనే ఉన్న గద. నువ్వు అనుమానం అన్నవ్, ఆయన పంపెయ్ అన్నడు. అంత విన్న.”

“మరి అప్పుడే అడగలేదేం అంకుల్?”

“డాక్టర్లు మాట్లాడుకుంటుంటె నడుమల నేనేమంట? నువ్వొచ్చి చెప్తవనుకున్న. నువ్వు నవ్వుకుంట వచ్చి, అంత మంచిగుంది పోండి అన్నవ్. మన భాష మనిషి గదా అని లేచి పోయిన.”

విచారణ గదిలో కూర్చుని అన్న గురించి నేను ఏమనుకున్నానో, ఈయన వారం రోజులుగా ఈ మంచం మీద నా గురించి అదే అనుకుంటున్నారు.

విన్నదంతా ఆయన చెబితే కూతురు ఆసుపత్రికి ఉత్తరం రాసింది. అందులో ఇద్దరి తప్పూ ఉంది. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. ఏఐ బాధ్యతనుంచి అన్నను తప్పించారు. పట్టీ ఏ రంగులో ఉన్నా డాక్టర్‌కు అనుమానం ఉంటే మళ్ళీ ఫిల్మ్ తీయాలని నియమం పెట్టారు. ఆ సాయంత్రం అన్న ఫోన్ చేశారు. ముసలాయనకు నేర్పి పెట్టింది నువ్వే కదా, ఇంట్లో పెట్టుకున్నందుకు ఇదా అన్నారు. నేను నేర్పలేదని చెప్పేలోపే పెట్టేశారు. ఇప్పుడు ఒకే విభాగంలో ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం, అదీ రోగుల గురించే.

ఏఐ ఇంకా ఉంది. చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది, దాని మీద నాకు కోపం లేదు. రెండు నెలల తర్వాత పెద్దాయన పరీక్షకు వచ్చినప్పుడు వరండాలో ఎదురుపడ్డారు. ఊపిరి బాగా ఆడుతోందన్నారు. నేను లోపలికి తీసుకెళ్ళబోతే, కూతురు నన్ను దాటి వెళ్ళి కౌంటర్ దగ్గర వేరే డాక్టర్ కావాలని అడిగింది. ఆయన వద్దనలేదు. నాకు తలూపి, ఆమె వెనకాలే వెళ్ళారు.