లింబాద్రి పాటల డబ్బా

లింబాద్రి చాలా ఏళ్లుగా బహ్రెయిన్‌లో కాంక్రీటు పగలగొట్టే మిషన్ నడుపుతున్నాడు. ఎన్నాళ్లనుంచో కొనాలనుకుంటున్న పాటల డబ్బాను ఈ శుక్రవారం గుదైబియా బజారులో కొన్నాడు. అందులో తనకు నచ్చిన పాటలే ఉండాలి. గదిలో కూర్చుని ఒక్కొక్కటే ఫోన్‌లో విని ఎంచుతుంటే, తోటివాడు మల్లేష్ వాటిని డబ్బాలోకి ఎక్కిస్తున్నాడు.

ఒక పాటలో డప్పు వినిపించింది. పిల్లనగ్రోవి వినిపించలేదు.

"గీ పాటల పిల్లనగ్రోవి ఉండాలె గదరా?"

"మోగుతనే ఉన్నది గదనే. చెవులల్ల సిమెంటు వోసుకున్నవా?" మల్లేష్ నవ్వాడు.

లింబాద్రి ఫోన్‌ను ఒక చెవికి ఆనించాడు. తర్వాత రెండో చెవికి. డప్పు ఒక్కటే. ఇన్నేళ్ల మిషన్ మోత గుర్తొచ్చింది. ఆ తర్వాత డప్పు గట్టిగా మోగే పాటలే ఎంచుకున్నాడు.

చివరికి ఒకటి మిగిలింది. నాట్లు వేస్తూ భార్య జమున పాడి పంపిన పాట. అందులో డప్పు లేదు. ఆమె సన్నని గొంతు ఒక్కటే.

"వదిన పాటనా అన్నా? వెట్టు, ఇందాం."

అది కూడా వినిపించకపోతే? లింబాద్రి ఫోన్‌ను మల్లేష్ చేతిలో పెట్టాడు.

"వద్దురా. వెట్టకు. గట్లనే ఎక్కియ్యి."