మంచం కోడుల కుక్కిన పేలిక

“నల్లులు మా ఇంట్ల పుట్టలే. నీ పెట్టెల వచ్చినయి,” అన్న నేను.

“పెట్టె వచ్చి తొమ్మిదేండ్లాయె అత్తమ్మా. అన్నేండ్లు ఉపాసమున్నయా?” అన్నది కోడలు. నా మనుమరాలి చెయ్యి పట్టి ముందట పెట్టింది. మోచేతి కాడికెల్లి వరుసగా ఎర్రటి దద్దులు. “ఇది పండేది నీ పక్కనే గద. ముందుగాల నీ మంచం సూస్కో.”

నల్లులెక్కడున్నయో తేలేదాక పిల్లను నా పక్కల పండనియ్యనన్నది. కొడుకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీల పనికి పోయి, చెరుకు గానుగ నడిచినన్ని రోజులు అక్కడనే ఉండేటోడు. కోడలికి నాకు పనిమాటలే. ఆ పిల్లొక్కతే నా కడుపు మీద కాలేసి, బడిల ఎవరు దెబ్బలు తిన్నరో చెప్పుకుంట నిద్రపోయేది.

అందుకే గెలవాలనుకున్న. కోడలి పెట్టె వాకిట్లకు తెప్పించి, పెండ్లి చీరెలు ఒక్కొక్కటి దులిపి ఎండల పరిపించిన. నల్లులున్న కాడ మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటయి, వాసన గూడ తెలుస్తది. చుక్క లేదు, వాసన లేదు. కోడలు చేతులు కట్టుకొని నిలబడి చూసింది.

ఆమె చీరెలు మడత పెట్టుకుంటుంటే లోపలికి పోయి నా మంచం తిరగేసిన. నిజామాబాదుల ఇల్లు ఖాళీ చేసి పోయేటోళ్ల దగ్గర బేరమాడి తెచ్చిన నులక మంచం. ఆ బేరం సంగతి వాడకట్టంత చెప్పుకున్న. ఒక కోడు ఊగుతుంటే, దానికి కట్టెపని చేసే వడ్లాయన ఎందుకని సందుల పాతగుడ్డ పేలిక నేనే కుక్కిన. దబ్బనంతోని నులక ముడులన్ని పొడిచి చూసిన. ఏం లేవు. ఆఖరుకు ఆ పేలిక గుంజిన. మడతల నిండ నల్లులే.

“ఏమన్న దొరికినయా?” అని వాకిట్లకెల్లి అడిగింది కోడలు.

పేలికను మళ్ల సందుల కుక్కిన. “ఏం లేవు,” అన్న.

“అయితే నువ్వే కొరికినట్టున్నవ్,” అన్నది, నవ్వకుంట.

తెల్లారి ఆమె పెట్టె పట్టుకొని, పిల్లను తీస్కొని, మొదటి బస్సుకు బోధన్ల నా కొడుకు దగ్గరికి పోయింది. నేను పేలికను పొయ్యిల ఏసి, వడ్లాయనకు కబురు పంపిన. ఆయన వచ్చి కోడుకు చీల కొట్టి పోయిండు.