వడ్డన ఆపని అత్తగారు

ఉద్దానం రుచులన్నీ ఒక్కరోజులో చూపించమని పలాసలో ఆటో నడిపే సామ్యేలును అడిగింది నేనే. తప్పు ఇంకెవరి మీదకీ నెట్టను. హోటళ్లు చూపిస్తాడనుకున్నాను. చుట్టాలిళ్లు చూపించాడు.

సుమ్మాదేవి అనే ఊళ్లో వాళ్ల పెదనాన్న ఇంట్లో చేపల పులుసుతో అన్నం తిని బయటికి రాగానే, పక్కింటి పిన్ని నిలదీసింది. "ఆళ్లింట తిని మాయింట తినవేటి బాబూ? మావేటి పాపం సేసినాం?" అక్కడ జీడిపప్పు కూరన్నం. తర్వాత తోటలో తాటికల్లు. సామ్యేలు మాత్రం ఏదీ ముట్టలేదు.

"మేం బాప్టిస్టులం బావా, కల్లు తాగం. కూడు తింటే బండి మీద నిద్దరొత్తాది. నువ్వు తిను, తినకపోతే బాధపడతారు."

అతని వంతు కూడా నాకే పడింది. రుచులు చూడబోతే, రుచులే నా అంతు చూశాయి.

సాయంత్రం ఆఖరి మజిలీ, జలంత్రకోటలో అతని అత్తగారిల్లు. ఆవిడ విస్తరాకు, పనసకాయ కూర తేగానే నాకు కళ్లు తిరిగాయి.

"అమ్మా, మీ అల్లుడు పొద్దున్నుంచీ మెతుకు ముట్టలేదు. మీ చేతి వంట కోసమే ఆగాడు," అన్నాను.

"నా నాయనే! కూకో ముందు," అంటూ అతన్ని కూర్చోబెట్టి, ఆవిడ నా సంగతే మరచిపోయింది. నాలుగోసారి వడ్డిస్తుంటే సామ్యేలు "సాలత్తా, సాలు" అని విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"తిను బావా," అన్నాను, "తినకపోతే బాధపడతారు."