రెండో గొంతుకి ఒక అభిమాని

మొన్న నేను సేసిన పని వింటే మీరు నాతో మాటాడ్డం మానేస్తారేమో. అయినా సెప్తాను. సెప్పుకోడానికి ఇక్కడ నాకింకెవరున్నారు!

నేనూ, భావనపాడులో ఉండే మా సావిత్రొదినా కలిసి పాడతాం. వరి ఊడుపుల్లో మా అమ్మావాళ్ళు పాడుకున్న పాటలే. ఏ కంపెనీ లేకుండా, మేమిద్దరమే శ్రీకాకుళంలో స్టూడియోకెల్లి ఎనిమిది పాటలు రికార్డు సేసి, ఆల్బమ్ అని నెట్‌లో మా ఇద్దరికీ ఒక పేజీ తెరిచి పెట్టీసేం. పెట్టిన్నాడు తెగ సంబరపడ్డాం. ఆ తరవాత వదిన తన పనుల్లో పడిపోయింది. ఫోన్లు తగ్గిపోయేయి. మా ఆయన లారీ ఎక్కితే పదిరోజులకి గాని ఇంటికి రారు. ఇక పాతపట్నంలో మా మేచింగ్ షాపులో మజ్జాన్నం పూట నేనూ, ఫేనూ, జాకెట్టు గుడ్డలూ. ఆల్బమ్ ఎంతమంది విన్నారో గంటగంటకీ సూసుకోడం ఒక పనైపోయింది.

మంగళారం నాడు, జానపదాల మీద రాసే ఒకాయన తన పేజీలో మా ఆల్బమ్‌కి రివ్యూ రాసేరు. మొదటి గొంతు, అంటే వదినది, వింటుంటే కాళ్ళకి బురద అంటుకున్నట్టే ఉందట. రెండో గొంతు మాత్రం పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టుందట. అదెందుకుందో అర్థం కాలేదట.

రెండో గొంతు నాదే.

నాలుగుసార్లు సదివేను. ఎవరికైనా సూపిద్దామంటే షాపులో మనిషి లేడు. వదినకి పంపడానికి మనసొప్పలేదు. కోపమో, ఏడుపో తెలీలేదు గాని, ఆ రివ్యూ కిందే ఒక కామెంటు రాసీసేను. ‘రెండో గొంతు విని కళ్ళంట నీళ్ళెట్టుకున్నాను. ఆ తల్లి ఎవరో గాని సల్లగా ఉండాలి. ఇట్లు, ఒక అభిమాని.’

పెట్టేక సూస్తే, పక్కన మా ఇద్దరి ఫొటో! నా పేరుతో కాదు, మా ఆల్బమ్ పేజీ పేరుతోటే ఎల్లిపోయింది.

తీసీలోపే ఆయన జవాబిచ్చేరు. మీ గొంతుకి మీరే అభిమాని అవడం సంతోషమండీ అని. కంగారులో ఇంకా తెలివైన పని సేసేను. ‘అది నేను కాదండి, మా వదిన రాసింది’ అని పెట్టేను.

ఆ పేజీ తన ఫోన్లో కూడా ఉంది కదా, అయిదు నిమిషాల్లో వదిన ఫోను. మూడు వారాల తరవాత.

“ఒసే పార్వతీ, నేనేటి రాసేనే?”

అంతా సెప్పీసేను. తిడతాదనుకున్నాను. తిట్టలేదు.

“ఆయనకేటి తెలుసు,” అంది మెల్లగా. “ఎనకాల నువ్వు లేకపోతే నాకు శ్రుతే దొరకదు. ఇక్కడ ఒక్కదాన్నీ పాడుకుందామంటే నోరు రాటం లేదే. ఓసారి పాడు, వింటాను.”

కళ్ళు మూసుకుని, ఖాళీ షాపులో పాటంతా పాడేను. కళ్ళు తెరిస్తే ఫోను ఎప్పుడో కట్టయిపోయింది. సిగ్నల్ లేదు. ఎంతవరకు విందో ఏటో. కౌంటరు ముందు ఒకావిడ సంచీ పట్టుకుని నిలబడుంది. పాపం, మొత్తం విన్నట్టుంది.

“అయిపోయిందా అమ్మా?” అంది. “అయితే పసుపురంగు లైనింగు గుడ్డ సూపించు.”

నాకొచ్చిన రెండో రివ్యూ అది. దాని కింద మాత్రం కామెంటు పెట్టలేదు లెండి.